షెడ్డు వెనక మడి

అక్కాచెల్లెళ్ల ఆ నర్సరీకి జనం వెతుక్కుంటూ వచ్చేది ఒక్క పువ్వు కోసం. వంకాయ రంగు హాలీహాక్. ఆ రంగు విత్తనం ఇంకెక్కడా దొరకదు. అక్క ఇరవై ఆరేళ్లుగా దాన్ని నిలబెడుతూ వచ్చింది. అది రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకు తప్ప ఏమీ ఇవ్వదు. రెండో ఏడు పూసి, గింజ ఇచ్చి చచ్చిపోతుంది. కిందటి వేసవిలో వడగళ్లు పడి కాడలన్నీ విరిగాయి. చేతికొచ్చిన గింజలు కొద్దిగానే.

ఆస్పత్రికి బయల్దేరుతూ అక్క కారు కిటికీలోంచి చెల్లెలి చేతిలో ఒక పొట్లం పెట్టింది.

"షెడ్డు వెనక మడిలో వెయ్యవే. రేపే. నీ రేపు కాదు, నా రేపు."

చెల్లెలు నవ్వి పొట్లాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. ఆ ఏప్రన్ బట్టలతో పాటు వాషింగ్ మెషీన్‌లో పడింది. నాలుగో రోజు గుర్తొచ్చి జేబులో చెయ్యి పెడితే కాగితం ముద్ద, అందులో చితికిన గింజలు.

ఆ సాయంత్రమే ఆస్పత్రిలో అక్క అడిగింది.

"వేశావా?"

"వేశానక్కా."

"షెడ్డు వెనకేనా?"

"అక్కడే."

"మడిలో ఏమన్నా ఉందా?"

"ఏముంటుంది? ఖాళీ. మట్టి గుల్ల చేసి వేశా."

అక్క ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "మంచిది," అని గోడవైపు తిరిగింది. మరో పదకొండు రోజులకు పోయింది.

తరవాత రెండు నెలలు చెల్లెలు షెడ్డు వెనక్కి వెళ్లలేదు. కలుపు తీసే ఆమెనూ వెళ్లనివ్వలేదు. కొళాయి తిప్పినా, కుండీ ఎత్తినా "వేశావా?" అన్న మాటే చెవిలో పడేది. ఒక్కోసారి పైకే "ఆ" అనేసి చుట్టూ చూసుకునేది.

కలుపు తీసే ఆమెను అందరూ రేడియో అంటారు. ఆమె నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు. ఒక ఉదయం ఆమె పార పట్టుకుని వచ్చింది.

"చిన్నమ్మగారూ, తిట్టకండి. మీరు వద్దన్నా షెడ్డు వెనక్కి వెళ్లా. ఏం వేశారక్కడ?"

"ఏమీ వెయ్యలేదు."

"మరి వరసల్లో వచ్చాయేంటి? కలుపుకే అంత బుద్ధుంటే నాకు పనేముంటుందండీ?"

చెల్లెలు వెళ్లి చూసింది. మూడు వరసలు. వరసకు తొమ్మిది మొక్కలు, నేలకు అంటుకుని ఆకులు పరిచి ఉన్నాయి. హాలీహాక్ ఆకులే. ఆమె మడి పక్కన వంగి కూర్చుంది.

విత్తేటప్పుడు అక్క జానతో కొలిచేది. చిన్నప్పుడు గేటులో పడి నలిగిన చిటికెన వేలు చాచలేకపోయేది కనక ఆమె జాన కురచ. చెల్లెలు మొదటి మొక్క దగ్గర బొటనవేలు ఆనించి చెయ్యి చాచింది. చిటికెన వేలు రెండో మొక్కను దాటిపోయింది. ఆ వేలు ముడిచి మళ్లీ కొలిచింది. సరిపోయింది. వరస చివరిదాకా అలాగే సరిపోయింది.

"పీకెయ్యనా అమ్మా?"

"ముట్టుకోకు!"

రేడియో ఉలిక్కిపడింది. ఆమె చేతిలో పార జారి మడి మొదట్లో పడి దేనికో తగిలింది. వానలకు మట్టి కప్పేసిన ప్లాస్టిక్ చీటీ. డబ్బా మూత కత్తిరించి అక్క చేసుకునే చీటీల్లో ఒకటి. సిరా కరిగిపోతుందని ఆమె పెన్సిల్‌తోనే రాసేది. పైన ఆస్పత్రికి వెళ్లడానికి ముందురోజు తేదీ ఉంది.

"నువ్వు వస్తావన్న నమ్మకం లేక సగం నేనే వేసేశా. వచ్చావు కదా, మిగతా సగం గేటు పక్కన వెయ్యి."

చెల్లెలు రెండుసార్లు చదివింది. మడిలో ఏమన్నా ఉందా అని అక్క ఎందుకు అడిగిందో, ఎందుకు గోడవైపు తిరిగిందో అప్పుడు అర్థమైంది.

"పెద్దమ్మగారి రాతేనా? ఏం రాశారమ్మా?" అంది రేడియో.

చెల్లెలు చీటీని తీసినచోటే గుచ్చింది. క్యాన్‌తో నీళ్లు తెచ్చి మూడు వరసలకూ పోసింది. చివరి మొక్క దగ్గర ఆగింది.

"వెయ్యలేదక్కా," అంది.

రేడియో ఒక్క మాటా మాట్లాడకుండా పార తీసుకుని వెళ్లిపోయింది. మొక్కలు పూతకు రావడానికి ఇంకా ఏడాది ఉంది.