కింది నుంచి మూడో రాయి

"రాయి లేపితే తేలు. పొద కదిలిస్తే పాము. అదేమీ లేకుంటే కాలుజారి పడేది ఖాయం. ఆదివారం పూట డాక్టరు యాడ దొరుకుతాడు చెప్పు?" అంది కోమలి, ఇంకా చెప్పులైనా వేసుకోకముందే.

మునిచంద్ర సంచిలో చిన్న సుత్తి పెట్టుకుంటూ నవ్వాడు. "నువ్వు ముందే అన్నీ చెప్పేస్తే పాపం ఆ తేలేం చేస్తాది మే? సిగ్గుపడి బయటికే రాదు."

గడపలో కూర్చుని షూ లేసు కట్టుకుంటున్న హేమశ్రీ తల ఎత్తలేదు. "మా, నీళ్ల బాటిలు నాయన సంచిలో పెట్టుకోమని చెప్పు," అంది. నాయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

"పెట్టుకోమంటా ఉంది," అంది కోమలి.

"పెట్టుకున్నానని చెప్పు," అన్నాడు మునిచంద్ర.

మూడు నెలలుగా ఆ ఇంట్లో మాటలన్నీ కోమలి మీదుగానే పోయి వస్తున్నాయి.

మునిచంద్ర పుట్టి పెరిగింది సూళ్లూరుపేట పక్క ఊళ్లో. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే వాళ్ల మిద్దె మీదికి కనిపించేది. ఆ కథలు చెప్పి చెప్పి కూతురికి ఆశ పెట్టాడు. దగ్గరి నుంచి చూపిస్తానని పాసులు తీశాడు. ఆ రోజు పొద్దున ఆరింటికే హేమశ్రీ తయారై కూర్చుంది. ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది, ఎవరో రాలేదట, డ్యూటీకి రమ్మన్నారు. అట్లా జరగడం అది మూడోసారి. "టీవీలో చూపిస్తారు గదమ్మా," అని శ్రీ సిటీ బస్సెక్కి వెళ్లిపోయాడు మునిచంద్ర. పద్నాలుగేళ్ల పిల్ల ఆ రోజు మూసిన నోరు తండ్రితో మళ్లీ తెరవలేదు.

బతిమాలడం మునిచంద్రకు చేతకాదు. ఒక సాయంత్రం గూడూరు వైపు నుంచి వచ్చే స్నేహితుణ్ణి అడిగి, పొరలు పొరలుగా తళతళమనే కాకిబంగారం ముక్క తెచ్చి ఆమె పుస్తకం మీద పెట్టాడు. మరునాటికి ఆ ముక్క కోడిగుడ్ల అట్టలో ఒక గుంటలో కూర్చుని ఉంది. పక్కన చిన్న కాగితం, దాని మీద పేరు, దొరికిన చోటు, తేదీ.

తర్వాత ముగ్గురాయి వచ్చింది, బలపం రాయి వచ్చింది. పాత టూత్ బ్రష్‌తో రుద్దడం, మేకుతో గీసి ఏది గట్టిదో చూడడం, అయస్కాంతం ఆనించడం తండ్రీ కూతురూ ఇద్దరూ చేసేవాళ్లు, కానీ వేర్వేరు వేళల్లో. "చోటు రాయకపోతే అది ఉత్త రాయేనంట మా," అని హేమశ్రీ తల్లికి చెప్పింది. కోమలి అది తీసుకెళ్లి మొగుడికి చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన ఏ రాయి తెచ్చినా జేబులో బస్ టికెట్ వెనక చోటు రాసుకుని వచ్చేవాడు. ఆదివారాలు ముగ్గురూ కలిసి వెళ్లడం అట్లా మొదలైంది.

ఆ ఆదివారం చంద్రగిరి అవతల ఒక గుట్టకు పోయారు. పైన చిన్న గుడి, దానికి మట్టి దారి. కోమలి పసుపు, ఉప్పు, బ్యాండేజీ గుడ్డ, రెండు ఉల్లిపాయలు ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కింద చింతచెట్టు నీడలో కూర్చుంది. పైకెక్కితే కళ్లు తిరుగుతాయి ఆమెకు. రెండు గంటల్లో వాళ్లు దిగి వచ్చారు. కాళ్లూ చేతులూ సరిగ్గానే ఉన్నాయి. దేవుడికి దండం పెట్టుకుంది.

మరునాడు పొద్దున ఇల్లు ఊడుస్తూ కోమలి అట్ట దగ్గర ఆగింది. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషి. అయినా కొత్త కాగితం కనిపిస్తే అక్షరం వదలకుండా చదువుతుంది. గులాబి రంగు పలుగురాయి ఒకటి మెరుస్తోంది. కాగితం మీద ఇలా ఉంది: "గుడి దారి మలుపు. ఏడు రాళ్ల వరసలో కింది నుంచి మూడోది. నాయన తీసినాడు."

చీపురు చేతిలోంచి జారింది.

సొంత ఇల్లు కావాలని మొక్కుకున్నవాళ్లు కొండ దారిలో రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి వస్తారు. ఇల్లు లేచేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. కోమలి కూడా అయిదేళ్ల కిందట తిరుమల మెట్ల దారిలో తొమ్మిది రాళ్లు పేర్చింది. ఇప్పటికీ ఇంటి ఓనరు జ్ఞానాంబ గారి మిద్దె మీద అద్దెకే ఉన్నారు. తన రాళ్లు కూడా ఇట్లాగే ఎవరైనా తీసేశారేమోనని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ మొక్కుకున్నది ఎవరో. ఎంతమంది పిల్లలో. ఆ ఉసురు ఊరికే పోతుందా?

సాయంత్రం కూతురు బడి నుంచి రాగానే ఎదురుగా నిలబడింది. "ఏమ్మే, నాయన అది తీస్తా ఉంటే సూసినావా?"

"సూసినా."

"అదేందో నీకు తెలుసు గదా? నేను పేర్చినప్పుడు పైరాయి పెట్టింది నువ్వే!"

"తెలుసు."

"మరి తీయొద్దని చెప్పలేదేం?"

హేమశ్రీ సంచి దించి మేకుకు తగిలించింది. "చెప్పాలంటే నాయనతో మాట్లాడాల గదా. నువ్వేమో కింద కూచోనుంటివి."

తేళ్ల గురించీ పాముల గురించీ ఇన్నాళ్లు అనవసరంగా భయపడ్డాననిపించింది కోమలికి. రేపు ఆయన కాలి కిందే పాము పడుకుని ఉన్నా ఈ పిల్ల చూస్తూ నిలబడుతుంది, పలకదు. అదీ భయమంటే.

మునిచంద్ర విషయం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మెట్ల దారిన నేనెప్పుడు పోయినాను మే, పోతే బస్సే గదా. ఎవరో పిల్లోళ్లు ఆడుకుని పేర్చినారనుకున్నా. లాగితే మిగిలినవి కూడా పడిపోయినాయి." గొంతు తగ్గించాడు. "ఆ రంగుది దాని అట్టలో లేదు. దానికోసమే తీసినా. వచ్చే ఆదివారం పొయ్యి పెట్టేసి వద్దాం."

ఆ వారమంతా కోమలి ఆదివారం గురించే దిగులుపడింది. ఆమె అనుకున్నట్టే శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఫోను. గిన్నెలు తోముతున్న చెయ్యి ఆపి వింది. లోపలి గదిలో కాగితాలు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు కూడా ఆగింది.

"రాలేను సార్," అన్నాడు మునిచంద్ర. "ఇంట్లో పని ఉండాది. లేదు సార్, ఇంకొకర్ని పిలుసుకోండి."

కాసేపటికి కత్తెర మళ్లీ కదిలింది.

ఆదివారం ఈసారి కోమలి కూడా గుట్ట ఎక్కింది. సగం దారి కళ్లు మూసుకుని, కూతురి భుజం పట్టుకుని. మలుపులో ఆరు రాళ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మునిచంద్ర గొంతుక్కూర్చుని పేర్చబోయాడు. కూలిపోయాయి. మళ్లీ పేర్చాడు. నాలుగో రాయి దగ్గర మళ్లీ కూలిపోయాయి. చొక్కా వీపంతా తడిసింది.

"ముందున్నట్టే పేర్చకపోతే వాళ్ల మొక్కు యాడికి పోతాదో!" అంది కోమలి.

మునిచంద్ర పలుగురాయి చేతిలో పట్టుకుని తల ఎత్తాడు. ఎప్పటిలా పెళ్లాం వైపు తిరగలేదు. నేరుగా కూతురి వైపు చూశాడు.

"పాపా, అడుగున ఏదుండె?"

'నాయన అడగతా ఉండాడు మే' అనబోయి కోమలి పెదవి కొరుక్కుంది. మూడు నెలల అలవాటు. ఈసారి ఆ మాట తను మోయకూడదనుకుంది, గొంతు దాకా వచ్చినా సరే. పైన గుడిలో ఎవరో గంట కొట్టారు. దాని మోత సన్నబడి, పూర్తిగా పోయింది. ఒక మేక దారికి అడ్డంగా వచ్చి, వాళ్లను చూసి, నెమ్మదిగా పొదల్లోకి దిగిపోయింది. మునిచంద్ర చెయ్యి దించలేదు. ఇంకోసారి అడగనూ లేదు. ఇక పలకదు, ఈ జన్మకు పలకదు అని కోమలి కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, హేమశ్రీ తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. రాళ్లన్నిటినీ ఒకసారి చూసింది.

"పలక మాదిరి ఉండేది అడుగున, నాయనా. దాని మీద నల్లది. ఆ పైన నీ చేతిలోది."