మసేనమ్మ గుండెలో తలుపు

నేను ఒక గుండె తలుపును. డాక్టర్లు కవాటం అంటారు. నన్ను ఒక మనిషి ఛాతీలో కుట్టి ఇంటికి పంపేటప్పుడు ఆ మనిషి చెయ్యాల్సిన పనులు చెప్పి పంపుతారు. అవి ఇవి. రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. రక్తం మరీ పలచనైతే లోపలే కారిపోతుంది, చిక్కనైతే నా రెక్కల మీద గడ్డకడుతుంది. పన్ను పీకించుకోబోయే ముందు గుండె డాక్టరుకు చెప్పాలి. నొప్పి బిళ్ళలు సొంతంగా కొని మింగకూడదు. కాలు జారి పడకూడదు. కత్తిపీట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. బిడ్డను కనాలనుకుంటే ముందే వచ్చి అడగాలి. కాగితంలో రాసిన కూరలు తినకూడదు.

నేను చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కటే. తెరుచుకోవాలి, మూసుకోవాలి.

యంత్రాన్ని నేను. కానీ యంత్రంలా నడవాల్సింది మాత్రం ఆ మనిషి! నాకు మొదట కోపం వచ్చింది అక్కడే. ఇప్పటికీ తగ్గలేదు.

నేను కొలిమిలో పుట్టాను. పెన్సిలు ముక్కకూ వజ్రానికీ చుట్టమైన ఒక గట్టి బొగ్గుతో నాకు రెండు రెక్కలు చేశారు. తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు భూతద్దం కింద కూర్చుని, నా చుట్టూ బట్ట అంచును చేత్తో కుట్టారు. ఆ తర్వాత నన్ను ఉప్పునీటి యంత్రంలో పడేశారు. ఒక మనిషి జన్మంతా గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అన్నిసార్లూ నాచేత తెరిపించి మూయించి, అరిగానా, పగిలానా, బీటలు వచ్చాయా అని వెలుతురుకు ఎత్తి చూశారు. ఆ పరీక్షలన్నీ నెగ్గాకే నన్ను పెట్టెలో పెట్టారు. నన్ను పరీక్షించినదాంట్లో పదో వంతు, ఆమె చేతికిచ్చిన ఆ కూరల కాగితాన్ని ఎవరైనా పరీక్షించి ఉంటే ఇవాళ నేను మీతో ఇలా మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆమె పేరు సూరాడ మసేనమ్మ. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత కీళ్ళవాపు వచ్చాయి. అప్పుడే సరైన సూది మందు క్రమంగా పడి ఉంటే నాతో పనే లేదు. పడలేదు. ఆ జబ్బు కీళ్ళను విడిచిపెట్టి గుండెలోని తలుపును పట్టుకుంది. పెళ్ళయి, పావని అనే కూతురు పుట్టాక, తట్ట ఎత్తుకుని నాలుగు అడుగులు వేస్తే చాలు, ఊపిరి అందేది కాదు. కేక వెయ్యబోతే దగ్గు వచ్చేది.

నగరంలోని పెద్దాసుపత్రికి వచ్చింది. ఆపరేషను ముందురోజు పెద్ద డాక్టరు చంద్రమౌళి వార్డులో ఆమె మంచం దగ్గర నిలబడి, చిన్న డాక్టరు షాహీన్‌తో వాదించడం విన్నాను. నేనప్పుడు సిస్టరు బల్ల మీద డబ్బాలో ఉన్నాను.

వాదన నా గురించే. నాలాంటి బొగ్గు తలుపు వేస్తే అరగదు, కానీ బతికినంత కాలం మాత్ర, పరీక్ష తప్పవు. పశువు గుండెపొరతో కుట్టిన మెత్తటి తలుపు వేస్తే ఆ మాత్ర కొన్నాళ్ళకు మానెయ్యవచ్చు, కానీ చిన్న వయసువాళ్ళలో అది త్వరగా పాడవుతుంది. అప్పుడు మళ్ళీ ఛాతీ కోయాలి. మూడో దారి ఉంది, ఆమె సొంత తలుపునే బాగుచెయ్యడం. అది చేయి తిరిగినవాళ్ళకే సాధ్యం. ఏది మేలన్న దాని మీద లోకమంతా పరిశోధనలు జరుగుతున్నాయి, ఇంకా తేలలేదు. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అని నాలాంటి తలుపులున్నవాళ్ళకు ఇచ్చి చూస్తే, గడ్డలు ఎక్కువై, ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఇదంతా డాక్టర్లిద్దరూ ఆమె తల మీదుగా, ఆమెకు రాని భాషలో మాట్లాడుకున్నారు.

మసేనమ్మ ఊరుకునే మనిషి కాదు. షాహీన్ కొంగు పట్టుకుంది.

"ఏటమ్మా, రెండు మూడు రకాలంతన్నారు? నాకేటి ఏస్తారు?"

షాహీన్ చెప్పడానికి నోరు తెరిచింది. చంద్రమౌళి గారు అడ్డు వచ్చారు. "నీకు జీవితాంతం ఉండేది వేస్తామమ్మా. భయపడకు."

"బయం కాదు బావూ. నాను మళ్ళీ తట్టెత్తుకుని కేకేసుకోగల్నా? అది సెప్పండి. గొంతు లేకపోతే నా సేప ఎవులు కొంతారు?"

"వేసుకోవచ్చు, వేసుకోవచ్చు. ఊరంతా వినపడేలా వేసుకో," అన్నారాయన నవ్వుతూ.

ఆమె అడిగింది అదొక్కటే. మీరు కూడా గుర్తుంచుకోండి, తన గొంతు గురించే అడిగింది.

మర్నాడు నన్ను ఆమె గుండెలో కుట్టారు. చంద్రమౌళి గారి చెయ్యి గొప్పది. ఆ మాట నేను దాచను. కుట్టు కుట్టుకూ దారం ఒకేలా బిగిసింది. మొదటిసారి వెచ్చని రక్తం నన్ను తోసుకుని వెళ్ళినప్పుడు, ఆ ఉప్పునీటి యంత్రానికీ మనిషికీ తేడా తెలిసింది.

ఇంటికి పంపే రోజు సిస్టరు పనులన్నీ గడగడా చదివింది. కత్తిపీట మాట రాగానే మసేనమ్మ నవ్వేసింది. "సేపలు కోసీదాన్ని, కత్తిపీట వద్దంతే నోటితో కొరకమంతావేటి సిస్టరమ్మా?" తర్వాత కూరల కాగితం. ఏదో పై దేశం కాగితాన్ని ఎప్పుడో తెచ్చి, అలాగే అచ్చు తీయించి ఇస్తున్నారు. అంతా ఇంగ్లీషే. సిస్టరు వేలు పెట్టి చదివింది: బ్రకోలీ, కేల్, లెట్యూస్, బ్రసెల్స్ స్ప్రౌట్స్, పాలకూర.

"పాలకూర తెలుసు. ఆ మిగతాయి ఏటి, సేపలా?"

"కూరలమ్మా."

"నా జన్మలో తిన్లేదు. ఇకముందూ తిన్ను. పావని మీదొట్టు."

ఆమె ఆ మాట తప్పలేదు. పాలకూర కూడా మానేసింది. ఈ సంగతి మాత్రం ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

కొన్నాళ్ళకు తట్ట ఎత్తింది. అబ్బ, ఆ గొంతు! "వంజరమమ్మో! రొయ్యలమ్మో! కానాగంతలమ్మో!" అని వీధి మొదట్లో ఎత్తుకుంటే వీధి చివర పిల్లులు లేచి వచ్చేవి. ఆ కేకకు లోపల నేను అదిరిపోయేదాన్ని. నేను మూసుకున్నప్పుడల్లా చిన్న చప్పుడు అవుతుంది. అరుగు మీద కూర్చుని బేరమాడే ఒకావిడ అది విని, "ఏమే మసేనమ్మా, గడియారం మింగేశావా?" అని అడిగింది.

"మింగీసినానమ్మా. మీ బేరం తెగేతలికి పొద్దు గుంకిపోతాది గదా, టయిం సూసుకోవాల!"

పావని తల్లి గుండెకు చెవి ఆనించి, "అమ్మా, నీలోన బల్లుంది," అనేది. "ఉంతాదే. నానేటి సెప్పినా నిజమేనని పలకతాది," అనేది తల్లి. నిజానికి నాకు అంతకన్నా మంచి ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు.

రక్తపరీక్షకు దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళమన్నారు. వెళ్ళింది. మొదట్లో చేశారు. తర్వాత ఒకసారి, పరీక్షకు వాడే మందు అయిపోయింది, వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెల వెళ్ళింది. ఇంకా రాలేదన్నారు.

"మందు నాటుపడవ మీద ఒస్తందేటి బావూ?" అని అడిగింది మసేనమ్మ.

"నన్నడిగితే ఏం లాభం? పైవాళ్ళనడుగు," అన్నాడు కిటికీలో అతను. పైవాళ్ళు ఎక్కడుంటారో చెప్పలేదు. ఆమె మాత్ర మాత్రం రోజూ వేసుకుంటూనే ఉంది. మాత్ర సరిపోతోందో లేదో చెప్పే మనిషి మాత్రం లేడు.

అప్పుడు ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినాలి. ఆ పల్లెలో ఎవరి తల్లి వాళ్ళకు నేర్పిన మాట అది. మసేనమ్మ తల్లి కాములమ్మ అదే పల్లెలో నాలుగిళ్ళ అవతల ఉంటుంది. కూతురి గుండె కోసి కుట్టారు, రక్తం పోయింది, పుష్టి పట్టాలి. కొమ్మలు కొమ్మలు దూసుకొచ్చి, ఒక పూట పప్పులో, ఒక పూట రొయ్యపొట్టుతో వేపుడు, ఒక పూట ఉత్త రసం చేసి, దగ్గర కూర్చుని తినిపించింది. కూతురు చాలన్నా ఊరుకోలేదు. ఆ నెలంతా అదే.

మునగాకు మంచిదే. అందులో రక్తాన్ని గడ్డకట్టించే గుణం కూడా దండిగా ఉంది. మాత్ర ఒక వైపు లాగితే ఆకు రెండో వైపు లాగింది. పరీక్ష జరిగి ఉంటే తెలిసేది, మాత్ర పెంచేవారు, లేదా ఆకు తగ్గించమనేవారు. అంతే, అంత చిన్న పని. తినడం తప్పు కాదు, తిన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే తప్పు. బ్రకోలీ తినవద్దని చెప్పిన కాగితంలో మునగాకు లేదు.

నా ఒక రెక్క అంచున ఏదో మెత్తగా పట్టుకున్నట్టు నాకే ముందు తెలిసింది. తెలిసినా చెప్పే నోరు నాకు లేదు. మరికొన్నాళ్ళకు రెక్క కదలడం మానేసింది. చప్పుడు ఆగింది. "అమ్మా, బల్లి పలకట్లేదు," అంది పావని. ఎవరూ పట్టించుకోలేదు. ఒక పొద్దున వీధిలో, వంజరం అని ఎత్తుకోబోయిన మసేనమ్మ నోరు ఒక పక్కకు వంగింది. తట్ట జారింది. నా మీది గడ్డలోంచి ఒక ముక్క తెగి ఆమె మెదడుకు వెళ్ళిపోయింది.

నా రెక్క బిగిసి ఊపిరాడని మనిషిని మళ్ళీ నగరంలోని పెద్దాసుపత్రికే మోసుకొచ్చారు. మళ్ళీ ఛాతీ తెరిచారు. నన్ను కోసి తీసి, మొదట వద్దనుకున్న ఆ మెత్తటి తలుపునే పెట్టారు. బయట కాములమ్మ గుండెలు బాదుకుంటోంది. చంద్రమౌళి గారు ఏం తినిపించావని అడిగారు.

"మునగాకే గదా బావూ పెట్టినాను. ఆసాడం గదా."

"ఆకుకూరలు వద్దని కాగితంలో రాసిచ్చాం కదమ్మా! చదువుకోరు, చెబితే వినరు. చంపేదానివి పిల్లని."

ఆ తల్లి ఆ రోజు నుంచి తన చేతులను తానే చూసుకోలేకపోతోందని పోలారావు, అంటే మసేనమ్మ భర్త, తర్వాత చెప్పాడు. ఆ కాగితం తయారుచేసిన చేతులు మాత్రం హాయిగానే ఉన్నాయి.

నన్ను మందునీళ్ళ సీసాలో వేసి, డాక్టరుగారి గదిలో బీరువా మీద పెట్టారు. కొన్ని వారాల తర్వాత మసేనమ్మ ఆ గదికి చూపించుకోవడానికి వచ్చింది.

"నడువమ్మా." నడిచింది.

"చెయ్యెత్తు." కాస్త ఆలస్యంగా ఎత్తింది.

"బాగుంది, చాలా బాగుంది."

"నడస్తాది బావూ," అన్నాడు పోలారావు. "మాటే లేదు. ఏటడిగినా 'అమ్మో' అంతాది, అంతే. ఆకలేసినా అమ్మో, పిల్లని పిలవాలన్నా అమ్మో."

"మాట మెల్లిగా వస్తుందిలే. ప్రాణం దక్కింది, సంతోషించు."

మసేనమ్మ అన్నీ వింటోంది. అన్నీ అర్థమవుతున్నాయి. పావని వైపు చూపించి ఏదో చెప్పాలని పెదవులు కూడగట్టుకుంది. "అమ్మో," అంది. అది కాదని తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ప్రయత్నించింది. "అమ్మో." ఆపైన ఎడమ పిడికిలితో డాక్టరుగారి బల్ల మీద దబదబా బాదింది. నాకున్న కోపమంతా ఆ పిడికిలిలో చూశాను. ఆయన మాత్రం, "మనసు కొంచెం చికాకుగా ఉంటుంది, మామూలే," అని తర్వాతి మనిషిని పిలిచారు.

తర్వాత గుండె సర్జన్లందరి సభకు నన్ను సీసాతో సహా తీసుకువెళ్ళారు. చల్లటి హాలు. చిన్న వయసు ఆడవాళ్ళకు ఏ తలుపు వెయ్యాలి అన్నది ఆ పూట చర్చ. నేను చేయి చేయి మారాను. ఎంత మెత్తని చేతులో! కొందరు నన్ను ఊపి చూశారు, ఒకాయన ఫొటో తీసుకున్నాడు. నా కోపం శాస్త్రం మీద కాదు. వాదించుకోవాలి, లెక్క తేల్చుకోవాలి, లేకపోతే ఎవరికి ఏది మంచిదో ఎప్పటికీ తెలియదు. కానీ వాళ్ళ వాదన విన్నారా? ఒక పక్షం, ఇలాంటి రోగులు మాత్రలు సరిగా వేసుకోరు, పరీక్షలకు రారు, అందుకని మెత్తటిదే వెయ్యాలంది. రెండో పక్షం, మెత్తటిది పాడయ్యాక ఇలాంటి రోగులు తిరిగి ఆపరేషనుకు రారు, అందుకని బొగ్గుదే వెయ్యాలంది. రెండు పక్షాలూ ఒక్క సంగతిలో కలిశాయి. తప్పు రోగిదే!

చంద్రమౌళి గారు తెర మీద నా బొమ్మ చూపించి, "మందుల విషయంలో నిర్లక్ష్యం చేసిన రోగి. అత్యవసరంగా మళ్ళీ ఆపరేషను చేశాం. రోగి బతికింది. ఫలితం సంతృప్తికరం," అన్నారు. చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి షాహీన్ లేచింది. "ఆమె నిర్లక్ష్యం చెయ్యలేదు సార్. మాత్ర మానలేదు, పరీక్షకు వెళ్ళింది. అక్కడ పరీక్ష లేదు. మనమిచ్చిన కాగితంలో ఆమె తినే కూర లేదు. ఇప్పుడు ఆమెకు మాట లేదు. అది ఏ ఫలితం కింద రాద్దాం సార్?"

అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. "మంచి ప్రశ్న డాక్టర్. కానీ భోజనాల వేళయింది. తీరిగ్గా మాట్లాడుకుందాం."

భోజనాలయ్యాయి. ఎవరూ మాట్లాడుకోలేదు. చంద్రమౌళి గారు షాహీన్‌తో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. కూరల కాగితం ఇప్పటికీ అదే.

ఇప్పుడు నేను డాక్టరీ చదువు చెప్పే కాలేజీ మ్యూజియంలో అద్దాల అల్మారాలో ఉన్నాను. చీటీ మీద 'స్త్రీ, యువతి, గడ్డకట్టిన యాంత్రిక కవాటం' అని ఉంటుంది. పిల్లలు వచ్చి నా గురించి రాసుకుని వెళ్తారు. నా కొలత రాసుకుంటారు, గడ్డ ఏ అంచున ఉందో రాసుకుంటారు. బుద్ధిమంతులే, వాళ్ళ మీద నాకు కోపం లేదు. చీటీలో లేనిది వాళ్ళకెలా తెలుస్తుంది?

అందుకే మీకు చెబుతున్నాను. ఏ తలుపు మంచిదన్న వాదనలో మీరు ఏ పక్షానికైనా ఓటెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. నాకు వ్యతిరేకంగా వేసినా సరే. కానీ ఎక్కడైనా, ఎవరైనా, 'రోగి బతికింది' అని చెప్పేసి తర్వాతి బొమ్మకు వెళ్ళిపోతుంటే మీరు వెళ్ళకండి. అక్కడే ఆగి, బతికి ఏం చేస్తోంది అని అడగండి. వాళ్ళు చెప్పలేకపోతే, భీమిలి దగ్గర పల్లెలో, అమ్ముకోవడానికి చేపలుండీ, పిలవడానికి కూతురుండీ, రెండు పేర్లూ నోటికి రాక కూర్చున్న సూరాడ మసేనమ్మను ఒక్కసారి తలుచుకోండి.