ఉమ్మ్ హాతెం కాగితాలు

“నీ కాగితాల ప్రదర్శనలో పలక మీద నీ పేరెందుకే? ఉమ్మ్ హాతెం అని రాయించుకో. మనబ్బాయి హాతెం వాళ్ళమ్మంటే మనవాళ్ళలో ఎవరికి తెలీదు?” అన్నాడు మా ఆయన మిద్హత్. క్యాబేజీ ఆకుల్లో అన్నం పెట్టి చుడుతున్నాను నేను. పెళ్ళాం పేరు పరాయి మగాళ్ళ నోట్లో పడితే ఆయన పరువు పోతుంది.

ఆ కాగితాలు నేనే చేస్తాను. మొక్కజొన్న పొట్టూ చిరిగిన దుప్పట్లూ ఉడకబెట్టి, దంచి, జల్లెడ మీద పరిచి, డాబా మీద ఆరేస్తాను. ఇంటి చాకిరీ అంతా తెమిలాకే సుమా. “ఈ గంజి ఎవరు తాగాలే తల్లీ?” అని అత్తగారు దెప్పేది. ఆయన మాత్రం కాలక్షేపం అనేవాడు. కాలక్షేపమట! నాకు తీరిక ఎప్పుడు దొరికిందో ఆయన్నే చెప్పమనండి.

పాత కైరోలోని వర్తకుల సత్రంలో నా మొదటి ప్రదర్శన. ఆ రాతిగోడలకు మేకులు కొట్టనివ్వరు. అందుకని పై వసారాల చెక్క కమ్ముల నుంచి కాగితాలను దారాలతో వేలాడదీశాం. గుమ్మం దగ్గరి పలక మీద పేరు రాయడానికి నిర్వాహకురాలు షాహినాజ్ కలం తీస్తే, సాయంత్రం దాకా ఆగమన్నాను. నా పేరు చెప్పుకోవడానికి నాకే ధైర్యం చాలనందుకు సిగ్గేసింది.

సాయంత్రం ఆయన వాళ్ళమ్మనీ, ఆఫీసు స్నేహితులనీ వెంటబెట్టుకొచ్చాడు.

“ఎవరు చేశారు గురూ ఇవి?” అన్నాడొకతను.

“మా ఇంట్లోవాళ్ళు,” అన్నాడాయన. నేను పక్కనే ఉన్నాను.

“ఇంట్లోవాళ్ళంటే ఎవర్రా?” అంది అత్తగారు. “నేనూ ఇంట్లోనే ఉంటాను. నేను చెయ్యలేదే!”

“అమ్మా, ఊరుకో.”

“ఊరుకున్నాగా ఇన్నాళ్ళూ! బళ్ళో ఎవడో నా పేరెత్తాడని వాడి పన్ను రాలగొట్టొచ్చావు. మీ నాన్న పోయాక ఆ పేరు పలికే దిక్కే లేదు.” ఆయన స్నేహితుల వైపు తిరిగింది. “నా పేరు వహీబా, నాయనలారా. ఇప్పుడు వీడేం చేస్తాడో చూస్తాను.”

ఆవిడ నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. నా కళ్ళు చెమర్చాయి. స్నేహితులు నేలచూపులు చూశారు.

షాహినాజ్ చేతిలోంచి కలం తీసుకుని, నా పేరు విసాల్ అని పెద్ద అక్షరాలతో పలక మీద రాశాను.

“ఉమ్మ్ హాతెం!” అని వెనకనుంచి గట్టిగా పిలిచాడాయన.

ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను.