నేతలో వంకర

చీరాలలో ఫోటో స్టూడియో నడిపే పానకాలు పాత లెన్సులన్నీ ఇచ్చేసి, వాటికి బదులు ఒకే ఒక్క జూమ్ లెన్సు తెచ్చుకున్నాడు. దాని పనితనం చూద్దామని, బావ అంకారావు నేసిన గళ్ళచీరను గోడకు బిగించి రెండు ఫోటోలు తీశాడు. వెడల్పుగా తీసినదాంట్లో గళ్ళు బయటికి ఉబ్బాయి, దగ్గరకు లాగి తీసినదాంట్లో లోపలికి పీక్కుపోయాయి. ఇచ్చేసిన పాత లెన్సులు ఇక తిరిగి రావు. ఫోటోలు పట్టుకుని బావ మగ్గం దగ్గరికి పరుగెత్తాడు.

“నేతలోనే వంకరుందని చెప్పు బావా, నీ కాళ్ళు పట్టుకుంటా!”

“ఒరేయ్, ఒకే చీర ఓసారి ఉబ్బి, ఓసారి పీక్కుపోద్దా?” అని కసిరాడు అంకారావు. తన నేతలో ఒక్క పోగు తప్పిందన్నా ఊరుకోని మనిషి. కానీ పానకాలు ఆ ఫోటోలనే మళ్ళీ మళ్ళీ ముందుకు చాపడం చూసి తల దించుకున్నాడు.

“నేతే వంకరలేరా,” అన్నాడు.

అప్పుడు బావురుమన్నాడు పానకాలు.