పార్కులో మునుం

పార్కు గేటు దాటగానే అవ్వ అన్న మొదటి మాట, "పత్తి చేన్ల కలుపు అట్లనే ఉన్నది. రెండు గంటల బస్సుకు పోవాలె."

హుస్నాబాద్ దగ్గరి మా ఊరి నుంచి అవ్వా నేనూ పొద్దున్నే హైదరాబాద్ వచ్చాం. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అంటాం. అక్క రేవతి ఇక్కడ ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. అక్కడే పనిచేసే రాజ్‌కుమార్‌ను చేసుకుంటానని ఉగాది నాడు చెప్పింది. బాపు సరేనన్నాడు. అవ్వ మాత్రం ఔనని అనలేదు, కాదని అనలేదు. "వాళ్ల అవ్వను చూసినంకనే నా మాట" అంది. పిల్లగాడు పొద్దంతా డ్యూటీలో ఉంటాడు, ఇంట్లో దినాం కలిసుండేది ఆమెతోనే కదా అని అవ్వ లెక్క. ఇంట్లో అయితే మర్యాదలతోనే పొద్దుపోతుందని అక్కే ఈ పార్కు చెప్పింది.

వాన వెలిసి కొద్దిసేపే అయింది. హుస్సేన్‌సాగర్ నీళ్లు మబ్బు రంగులో ఉన్నాయి. దూరంగా బుద్ధుడి చుట్టూ పడవ తిరుగుతోంది. అవ్వ నీళ్లను చూడలేదు, పచ్చికను చూసింది.

"గింత గడ్డి పెంచి ఒక్క బర్రెను గూడ రానియ్యరా?"

"అవ్వా, వాళ్లు వస్తుండ్రు. జర మెల్లగ" అంది అక్క.

రాజ్‌కుమార్ వెంట వాళ్లమ్మ తారాబాయి వచ్చింది. ఇస్త్రీ చీర, కాళ్లకు తెల్లటి బూట్లు. వాళ్లది ఉట్నూర్ దిక్కు. కొడుకు దగ్గరికి వచ్చి ఏడాదైంది. రోజూ ఈ పార్కులోనే నడుస్తుందట.

ఇద్దరూ బెంచీకి చెరో కొసన కూర్చున్నారు.

"బస్సుల మంచిగ వచ్చిండ్రా?"

"వచ్చినం."

అంతే. రాజ్‌కుమార్ చాయ్ తెస్తానని లేచాడు. అక్క కూడా వెళ్లింది. అవ్వ నా చెవిలో, "బూట్లేసుకున్నామెతోని నేనేం మాట్లాడుదు, నవనీతా?" అంది. చాయ్ కొట్టు దగ్గర నుంచి అక్క మా వైపు తిరిగి తిరిగి చూస్తోంది.

బెంచీ పక్కనే పూలమడి. అవ్వ చెయ్యి ఊరికే ఉండదు. వంగి ఒక గరిక పోచను పీకింది. వేరుకున్న మన్ను దులిపి పక్కన పెట్టింది. తర్వాత ఇంకోటి. చివరికి కిందికే దిగి కూర్చుంది.

"అవ్వా, ఇది మన చేను కాదు."

"ఎవల చేన్లున్నా కలుపు కలుపే."

తారాబాయి అలాగే చూస్తోంది. అక్క మొహం తలుచుకుని నాకు భయమేసింది. తారాబాయి వంగి బూట్లు విప్పింది. రెండూ బెంచీ కింద జతగా పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకుంది.

"ఏడాది సంది చూస్తున్న అక్కా దీన్ని. పీకాలని చేతులు గుంజుతయి. ఒక్కదాన్నే కూసుంటే మంది నవ్వుతరని ఊకున్న."

ఇద్దరూ చెరో మునుం పట్టారు. కలుపు తీసేటప్పుడు ఒక్కొక్కరు పట్టుకుని ముందుకు పోయే వరుసను మా దిక్కు మునుం అంటాం. చేతులు నడిస్తే నోళ్లు కూడా నడిచాయి.

"మీ దిక్కు గూడ పత్తేనా?"

"పత్తి, సోయ. గీ వానకు మా నల్లరేగడిల కాలు పెడితే చెప్పు ఆడనే ఉంటది."

"అందుకేనా బూట్లు కొన్నవ్?"

తారాబాయి పార్కంతా వినబడేలా నవ్వింది.

అవ్వకు మోకాలి నొప్పి. వెనుకబడింది. తారాబాయి మునుం ముందే అయిపోయింది. ఆమె లేవలేదు, చేతులు దులుపుకోలేదు. అవ్వ మునుం అవతలి కొసకు వెళ్లి కూర్చుని, ఎదురుగా తీసుకుంటూ వచ్చింది. మా చేలలో తన మునుం అయిపోగానే గట్టు మీద కూర్చుని చూసేవాళ్లుంటారు. వాళ్లను ఎవరూ ఏమీ అనరు, కానీ ఎవరూ మరిచిపోరు. అవ్వ తలెత్తలేదు. చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

అప్పుడే తోటమాలి పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నరమ్మా! గవి కలుపు గాదు, గునుగు. నారు పోసి నాటినం, దసరాకు ఎర్రగ పూస్తయని."

కుప్పలో గరిక కింద లేత గునుగు మొక్కలు పడున్నాయి.

"గునుగును నాటుతరా?" అవ్వ నమ్మలేకపోయింది. "కూలోళ్లను పెట్టి పీకిస్తం గదయ్యా మేము."

"ఫికర్ చెయ్యకు తమ్మీ" అంది తారాబాయి. "మన్ను తడిగున్నది, ఇప్పుడే పీకినయి. మేమే నాటుతం."

చాయ్ గ్లాసులతో వచ్చిన అక్క, మట్టిలో ఉన్న ఇద్దరినీ, నడుం మీద చేతులు పెట్టుకున్న తోటమాలినీ చూసి నిలబడిపోయింది. "అవ్వా, ఇదేం పని?"

"చాయ్ ఆడ పెట్టి మొక్కలందియ్యి. పిల్లగాన్ని గూడ రమ్మను."

అందరం నాటాం. రాజ్‌కుమార్ నాటినవి వంకరగా ఉన్నాయని వాళ్లమ్మే మళ్లీ సరిచేసింది. మాలి కోపం పోయి, డబ్బాతో నీళ్లు పోశాడు. "అవతల ఇంకో మడి ఉన్నది, రేపు గూడ రాండ్రి" అన్నాడు.

రెండు గంటల బస్సు ఎప్పుడో పోయింది. నల్లా దగ్గర చేతులు కడుక్కుంటుంటే అక్క నా పక్కకు జరిగింది.

"అవ్వ ఏమన్నా చెప్పిందా?"

చెప్పలేదని తల ఊపాను. ఇంతలో వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది. వట్టి కాళ్లతో గేటు వైపు పోతున్న తారాబాయిని పిలుస్తోంది.

"ఓ వదినె, బూట్లు మరిచిపోతున్నవ్."

ఆ పిలుపు విని అక్క నల్లా కట్టెయ్యడం మరిచిపోయింది.