రెండు వేళ్ళు

ఆదివారం పొద్దున గోడకు చేరగిలబడి, చింతపండులో గింజలు తీస్తూ, ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఇందులో గొప్పేముందని మీరు అనుకోవచ్చు. నాకు నలభై దగ్గర పడుతోంది. మధ్యలో లేవకుండా, ఎవరూ లేపకుండా, పల్లవి రెండోసారి ఎలా తిరిగి వస్తుందో వినడం నాకిదే మొదలు. ఇంతకుముందు నేను విన్నవన్నీ సగం పాటలే. మిగతా సగంలో అన్నం మాడేది, నల్లా వచ్చేది, లేకపోతే మా ఆయన చప్పట్లు కొట్టేవాడు.

పాటలు పెట్టింది నా కూతురు విజేత. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే కాబట్టి మాట తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపి, గుజరాతీలో ముగిస్తుంది. "మమ్మీ, యే సున్. బ్రేకప్ ఆల్బం. హైదరాబాద్ పిల్ల పాడింది. తొమ్మిది పాటలు, అన్నీ వాణ్ణి ఇడిసిపెట్టినంక రాసినయే," అని ఫోన్‌ను ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టి నా పక్కకు జరిపింది. గిన్నెలో పెడితే సౌండ్ బాగా వస్తుందట. నిజంగానే వచ్చింది. నేను ఏడుస్తానేమోనని రెండో పాట అయ్యేదాకా ఓరగా నన్నే చూసింది పిచ్చిది. నాకు ఏడుపెందుకు వస్తుంది? నవ్వొచ్చింది. ఏడాదిన్నర స్నేహానికి ఆ పిల్ల తొమ్మిది పాటలు కట్టింది. ఆ లెక్కన నాకొక రేడియో స్టేషన్ కావాలి.

ఎండ ఇంకా మా గది గోడ మీదకి రాలేదు. ఈ అమ్రోలిలో మాకున్నది ఒక్క గదే. అందులోనే పొయ్యి, అందులోనే పరుపు. బకెట్ నీళ్ళలో నాలుగు కేసర్ మామిడిపళ్ళు తేలుతున్నాయి. నేను వంట చేసే సుభాషిణక్క మెస్సుకి ఆదివారం పొద్దున సెలవు. అక్కడ తినే డాక్టర్లు, కాలేజీ పిల్లలు ఆ పూట బయట తింటారు. మూడో పాటలో ఆ పిల్ల "నీ చార్జర్ నా దగ్గరే ఉంది, వచ్చి పట్టుకపో, లోపలికి మాత్రం రాకు" అంటుంది. ఎంత హాయిగా అంటుందో! బతిమాలదు, శపించదు, ముక్కు చీదదు. తిడుతుంది, అదీ రాగం తప్పకుండా. ఆ పాట మళ్ళీ పెట్టించుకున్నాను.

"మమ్మీ, డాడీవాళ్ళు ఎప్పుడొస్తరు?" అంది విజేత. పాట సగంలో ఆగినట్టయింది నాకు.

వాళ్ళు వచ్చేది నన్ను తీసుకుపోవడానికి. నేను బమ్రోలిలో మా ఆయన పరుశురాం ఇల్లు వదిలి, పిల్లని వెంటబెట్టుకుని తాపీ నది దాటి ఈ అమ్రోలికి వచ్చి మూడు నెలలవుతోంది. ఇన్నాళ్ళూ ఆయన రాలేదు, ఫోన్ చేయలేదు. ఇప్పుడు మా కులపెద్ద సదానందం మామని వెంటబెట్టుకుని వస్తున్నాడు. సరే అంటే సాయంత్రానికి మూట కట్టుకోవాలి. కాదంటే, ఏ కారణమూ లేకుండా మొగుణ్ణి వదిలేసిన ఆడదాన్ని అని సంఘంలో నా పేరు మోగిపోతుంది. కారణం లేదని వాళ్ళ నమ్మకం. ఎందుకంటే వాళ్ళ దగ్గరున్న కారణాల్లో నాది లేదు.

నా కారణం చెబితే నవ్వుతారు. మా ఆయన నాతో చేతులతో మాట్లాడతాడు.

ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డులో మాట వినపడదు. వందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే మనిషి చెవిలో అరిచినా అంతే. అందుకని అక్కడివాళ్ళు సైగలతో పని నడుపుకుంటారు. పెళ్ళయి సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన కొత్తలో, పరుపు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టుకుని ఆయనే అవన్నీ నాకు నేర్పాడు. రెండు వేళ్ళు ఎత్తితే చాయ్. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్ళు. రెండు చప్పట్లంటే ఇటు రా. ఇక అరచెయ్యి బోర్లించి గాలిని అడ్డంగా ఒక్క కోత కోస్తే మిషన్ బంద్. "గిది అన్నిటికన్న పెద్దది," అన్నాడు. "గిది ఎవలు చేసినా ఎందుకని అడుగొద్దు. ముందుగాల మిషన్ బంద్ చెయ్యాలె. ఎవని చెయ్యి ఇరుక్కున్నదో ఏమో." నేను చేసి చూపిస్తే పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన షెడ్డును కొంచెం ఇంటికి తెచ్చి నాకిచ్చాడని మురిసిపోయాను.

తర్వాత షెడ్డు మొత్తం ఇంటికొచ్చింది. నవ్వు మాత్రం ఆ ఒక్కరోజే. పొద్దున లేస్తే రెండు వేళ్ళు. స్నానానికి పోతూ భుజం మీద తట్టుకుంటే తువ్వాలు. కంచం ముందు కూర్చుని చూపుడువేలు గుండ్రంగా తిప్పితే ఇంకొంచెం అన్నం. కూరలో ఉప్పు తక్కువైతే వేళ్ళు నలపడం. కూర బాగుంటే దానికి సైగ లేదు. బహుశా మగ్గాల దగ్గర అలాంటి అవసరం పడి ఉండదు. లైటు ఆర్పాక పరుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. అంతే. నా పేరు లేదు, నా ఇష్టం లేదు. గుమ్మంలో పడుకునే కుక్కని కూడా మనుషులు ఒక మాట అని పిలుస్తారు. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఇది ఏ పెద్దమనిషి ముందు కూర్చుని చెప్పను?

పాపం, చెవులు దెబ్బతిన్నాయి అని సరిపెట్టుకున్నాను చాలా ఏళ్ళు. కొంత నిజమే, టీవీ గట్టిగా పెట్టేవాడు. కానీ ఆ చెవులతోనే ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడేవాడు. చాయ్ కొట్టు దగ్గర దోస్తులతో నిలబడితే సందు చివరిదాకా వినపడేది ఆయన మాట. మాటలున్నాయి. ఇంట్లో ఖర్చు పెట్టేవాడు కాదు. ఒకసారి మా అత్త బుచ్చవ్వతో అన్నాను, మీ కొడుకు నాతో మాట్లాడడు అత్తా అని. "మొగుడు నోరు లేపకుంటే మంచిదే కద పిల్లా. నా మొగుడు నోరు లేపితే వాడకట్టంత బయటికొచ్చేది," అంది. తిట్టని మొగుడు దొరికినందుకు నేను పండగ చేసుకోవాలన్నమాట.

మా నాయన పోయిన రోజు ఒకటి చెబుతాను. ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాను. అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడాయన. నా మొహం వైపు చూడలేదు. చెప్పులు విడుస్తూ, నేను నోరు తెరిచేలోపు రెండు వేళ్ళు ఎత్తాడు. నేను వెళ్ళి చాయ్ పెట్టాను. నా చేతులు పెట్టాయి. పాలు పొంగుతుంటే కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మంట తగ్గించాను. ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టాక నా మొహం చూసి, ఏంది అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఆ పొద్దున చచ్చిపోయిన నా తండ్రి, ఒక కప్పు చాయ్ అయ్యేదాకా బతికి ఉండాల్సి వచ్చింది.

అప్పుడు కూడా నేను ఇల్లు వదల్లేదు. చాలామంది ఆడవాళ్ళలాగే నాకూ ఓపిక ఉందని పేరు. ఆ పేరు పోగొట్టింది విజేత. ఫాల్గుణ మాసంలో ఒక మధ్యాహ్నం పరీక్షకి చదువుకుంటోంది. నేను పొయ్యి దగ్గరున్నాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా రెండు చప్పట్లు కొట్టింది. నేను తిరిగాను. బొటనవేలు పెదవికి ఆనించింది.

పిల్లకి ఏ దురుద్దేశమూ లేదు. అమ్మని అలాగే పిలుస్తారని అది పుట్టినప్పటి నుంచి చూస్తోంది. నేను నీళ్ళిచ్చాను. నా కోపం ఎంత పెద్దదో ఆ గ్లాసు పట్టుకున్నప్పుడే నాకు తెలిసింది. అదే వారంలో సుభాషిణక్కని కలిసి పని అడిగాను. విజేతకి అంతా చెప్పినప్పుడు అది నా ఒళ్ళో తల పెట్టుకుంది. "సారీ మమ్మీ," అని మాత్రం అంది. ఆ రోజు నుంచి గ్లాసు మంచినీళ్ళకి కూడా నోరారా మమ్మీ అని పిలిచి అడుగుతోంది.

ఐదో పాట నడుస్తుండగా వాళ్ళు వచ్చారు. ఆ పాటలో పిల్ల పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ ఇద్దరికి పాలు పోసి, మళ్ళీ సగం తీసేస్తుంది. నేను సౌండ్ తగ్గించాను గానీ ఆపలేదు. ఈయన్ని చూసి పాట ఆపే రోజులు అయిపోయాయి.

"ఏం బిడ్డా, మంచిగున్నవా?" అన్నాడు సదానందం మామ, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. ఆయన కూడా జీవితమంతా మగ్గాల మీద గడిపినవాడే. వెనకాల ఈయన. చిక్కాడు. చొక్కా ఇస్త్రీ లేదు. నాకు జాలి వేసింది, ఆ జాలి మీద కోపం వచ్చింది.

"మంచిగున్న మామా. కూసోండ్రి."

విజేత ఇద్దరికీ నీళ్ళిచ్చింది. మామ తాగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"సీదా అడుగుత. కొట్టిండా?"

"లేదు."

"తాగి లొల్లి జేసిండా?"

"లేదు."

"ఇంకో దిక్కు ఏమన్న..."

"లేదు మామా."

"పగార్ ఇంట్ల ఇయ్యలేదా?"

"ఇచ్చిండు."

"మరేంది బిడ్డా? ఏ తప్పు లేని మనిషిని గిట్ల ఇడిసిపెడ్తే రేపు నలుగుట్ల నేనేం జెప్పాలె? ఎందుకు అంటే ఏమనాలె?"

"నాతోని మాట్లాడడు మామా. నేను మనిషినని యాదికి లేదు ఆయనకు. చేతులూపుతడు, నేను ఉరుకుతా. నేను ఆయన షెడ్డుల హెల్పర్‌ను కాను."

మామ నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. "మొగోళ్ళు గంతే బిడ్డా. పొద్దుగాల సంది మిషన్ల నడుమ నిలబడ్డోడు ఇంటికొచ్చి ఏం ముచ్చట పెడ్తడు? నేను మాత్రం మీ అత్తమ్మతోని ఏం మాట్లాడ్త?"

అత్తమ్మని ఎప్పుడైనా అడిగారా మామా అనాలనిపించింది. ఆయనకి కూడా ఏదో తట్టినట్టుంది, పక్కకి తిరిగి ఈయన మోకాలు తట్టాడు. "సరే పరుశురాం. ఆమె అడిగేది గంతే కద. మాట అడుగుతాంది. అను. ‘ఇంటికి రా వినోదా’ అను. నోటితోని అను, నేనింటా."

గదిలో పాట సన్నగా నడుస్తోంది. విజేత గోళ్ళు కొరుక్కుంటోంది. నిజం చెబుతాను, నేను ఎదురుచూశాను. ఇంత కోపంలోనూ ఎదురుచూశాను. ఆ మూడు మాటలు ఆయన నోట వస్తే మూట కట్టేసుకుంటానేమోనని భయం కూడా వేసింది. పెళ్ళైన కొత్తలో పరుపు మీద కూర్చుని నవ్విన మనిషి ఎక్కడో ఉండే ఉంటాడని ఒక ఆశ. ఆడదాని ఆశకి సిగ్గుండదు.

ఆయన గోడ వైపు చూశాడు. ఫ్యాను వైపు చూశాడు. నోరు తెరిచి, మూశాడు. చెమట తుడుచుకున్నాడు. చివరికి ఎటు చూడాలో తెలియక పొయ్యి వైపు చూశాడు. అలవాటైన చెయ్యి అలవాటైనట్టే లేచింది.

రెండు వేళ్ళు.

తాను ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. మామకి తెలిసింది. ఆయన మొహంలో రంగు మారింది. విజేతకి తెలిసింది. "నేను పెడ్త డాడీ, మమ్మీ నువ్వు కూసో," అని గబగబా లేవబోయింది. దాని భుజం పట్టుకుని కిందికి నొక్కాను. నువ్వు లేవొద్దు బిడ్డా. ఈ ఇంట్లో ఆ వేళ్ళకి ఎవరూ లేవరు.

చింతపండు ఒడిలోంచి తీసి పక్కన పెట్టాను. మా ఆయన కళ్ళు నా మీదకి తిరిగేదాకా ఆగాను. అరచెయ్యి బోర్లించి, గాలిని అడ్డంగా ఒక్క కోత కోశాను.

మామ ఇక ఎందుకని అడగలేదు. షెడ్డులో బతికినవాడు, అడగకూడదని ఆయనకి తెలుసు. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, ఈయన మోచెయ్యి పట్టుకున్నాడు. "నడువు పరుశురాం," అన్నాడు మెల్లగా. ఈయన ఇంకా నా చెయ్యి వైపే చూస్తున్నాడు, ఆ చేతికి ప్రాణం ఎప్పుడొచ్చిందా అన్నట్టు.

ఆ సైగలన్నీ నాకు ఆయన నేర్పినవే. ఇరవై ఏళ్ళుగా వాటితో ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను ఆయనకి ఒకటి చెప్పడం ఇదే మొదలు.