పంతొమ్మిదో మనిషి

బూలాంగ్ వాళ్ళంటే నాకు పడదు. ఇది దాచుకునే సంగతి కాదు, మా నర్రాకిన్‌లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య పదకొండు కిలోమీటర్ల గోధుమ చేలు, ఒక ఉప్పు చెరువు, నూట పదేళ్ల పగ ఉన్నాయి. మా నాన్న బూలాంగ్‌లో పెట్రోలు పోయించుకునేవాడు కాదు. దారిలో అయిపోతే మా ఊరి నుంచి ఎవరో ఒకరు డబ్బాతో వచ్చేదాకా ఎండలో కూర్చునేవాడు. మా మేనత్త బూలాంగ్ ఆటగాణ్ణి పెళ్ళి చేసుకుంటే, మా నాయనమ్మ ఆ అల్లుడికి బతికున్నంతకాలం గుమ్మం బయటే టీ ఇచ్చింది.

అందుకని మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ క్లబ్బును బూలాంగ్ క్లబ్బులో కలిపెయ్యాలన్న మాట వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది గానీ, నిజం చెప్పొద్దూ, ఆ మంటలో కూడా ఓపిక లేదు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఇరవై నాలుగు జెర్సీలు ఉతుకుతున్నాను. ఇప్పుడు వాటిలో నాలుగైదు ఎవరూ తొడుక్కోకుండానే మడతల్లో ఉండిపోతున్నాయి. వాటిని కూడా ఉతుకుతాను, ఎందుకంటే నాకే తెలియదు. చిన్న పొలాలన్నీ పెద్ద పొలాల్లో కలిసిపోయాయి, బడి మూతపడింది, బ్యాంకు మూతపడింది. మేం వరసగా నలభై ఒక్క ఆటలు ఓడిపోయాం.

కమిటీలో అడ్డం తిరిగింది మా అన్నయ్య రెక్స్ ఒక్కడే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది, అయినా బల్ల గుద్ది లేచాడు.

"నేను పోయాక కలుపుకోండి. అప్పుడు బూలాంగ్ జెర్సీ నా శవానికి తొడిగినా ఏమీ అనను."

"ఎందుకంత ఆవేశం రెక్స్?" అంది మా ప్రెసిడెంటు హెదర్. "ఆడేవాళ్ళేరీ? నువ్వు దిగుతావా?"

"ఒక్క ఆట ఆగండి. చివరి ఆట మన గ్రౌండులోనే, వాళ్ళతోనే. గెలిస్తే ఇంకో ఏడాది నడుపుదాం. ఓడామా, కాగితాల మీద మొదటి సంతకం నాదే."

ఎలాగూ ఓడతామన్న ధైర్యంతో అందరూ సరేనన్నారు. నేను మాత్రం గెలవాలనే కోరుకున్నాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. శనివారం వస్తే నాకు వెళ్ళడానికి ఆ గ్రౌండు ఒక్కటే ఉంది. అది కూడా పోతే ఏం చెయ్యాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

ఆ శనివారానికి ఎలాగో ఇరవై మందిని పోగు చేశాం. మా ఆటకి లోపల పద్దెనిమిది మంది, బయట ఇద్దరు. అందులో వేన్ స్టేసీకి నలభై ఆరేళ్లు. ఆట మానేసి ఐదేళ్లయిన మనిషి, హెదరే వాడింటికి వెళ్ళి బతిమాలితే పొద్దున్నే గొర్రెలకు మేత వేసి వచ్చాడు. బూలాంగ్ వాళ్ళకి వచ్చేవారం నుంచి ఫైనల్స్, అందుకని ఆరుగురు మంచి ఆటగాళ్ళకి విశ్రాంతి ఇచ్చారు. మాతో ఆటకి విశ్రాంతి! పూర్వం చెయ్యి విరిగినవాడు కూడా కట్టు విప్పుకుని దిగేవాడు.

నా పని బెంచి దగ్గర మార్పులు చూడటం. లోపలివాడు గీత దాటి బయటికొచ్చాకే బయటివాణ్ణి లోపలికి పంపాలి. అంతే పని. బూలాంగ్ తరఫున అదే పని చేసే మాక్సీన్ నా పక్క కుర్చీలో ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఏటా రెండుసార్లు అలా పక్కపక్కనే కూర్చుని తిట్టుకుంటున్నాం.

"ఏమే గ్లెనిస్, ఇవాళైనా మనుషులు సరిపోయారా, గొర్రెల్ని కూడా దింపారా?"

"దింపుదామనే అనుకున్నాం. మీ జట్టును చూసి, మా చుట్టాలతో మేం ఆడలేమన్నాయి."

"నోరు మాత్రం ముసలిదవ్వలేదు నీకు."

"నీకు మొహం అయినంత కాలేదులే."

ఆమె పకపకా నవ్వింది. దాని నోటికి నా నోరే మందు. ఇలాంటి రెండు మాటలు పడితే గానీ నాకు ఆ రోజు ఆటరోజులా ఉండదు.

ఆట మొదలయ్యాక ఏమైందో దేవుడికే తెలియాలి, మావాళ్ళు పరిగెత్తారు. మూడు క్వార్టర్లు గడిచేసరికి బూలాంగ్ కంటే పది పాయింట్లు ముందున్నాం. గీత చుట్టూ నిలిపిన కార్లన్నీ గోల్ పడినప్పుడల్లా హారన్లు మోగించాయి. ఆ మోత విని ఎన్నేళ్లయిందో. కంచె దగ్గర రెక్స్ టోపీ చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు.

చివరి క్వార్టర్‌లో మావాళ్ళకి ఊపిరి అందలేదు. బూలాంగ్ ఒక గోల్ కొట్టి మా పదిలో ఆరు పాయింట్లు తగ్గించింది, ఇక నాలుగే మిగిలాయి. ఇంకా పదకొండు నిమిషాల ఆట ఉంది. అప్పుడే వేన్ పిక్క పట్టేసింది. కుంటుకుంటూ మా బెంచి వైపు వస్తూ చెయ్యెత్తాడు. వచ్చేశాడనుకుని కాగితం మీద టిక్కు పెట్టి, గోధుమ గోదాంలో పనిచేసే లాక్లన్‌ను "పో, పో" అని లోపలికి తోశాను. ఈలోగా బంతి వేన్ పక్కనుంచి పోయింది. వాడు గీతకి నాలుగడుగుల దూరంలో ఆగి, వెనక్కి తిరిగి, దాని వెంట పడ్డాడు. నేను చూడలేదు. కాగితం వంక చూస్తున్నాను. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా చెయ్యని తప్పు ఆ రోజు చేశాను.

ముందు చూసింది మాక్సీనే. వేలు గాల్లో ఆడిస్తూ పెదవులు కదిలించింది. మళ్ళీ మొదటినుంచి కదిలించింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"పంతొమ్మిది మంది," అంది నాతో. కేకలు వెయ్యలేదు, మామూలుగా అంది.

మా ఆటలో దీనికి ఒకటే శిక్ష. ఎదుటి జట్టు కెప్టెన్ అడిగితే అంపైరు ఆట ఆపుతాడు, రెండు జట్లనూ మధ్యలో వరసగా నిలబెట్టి తలలు లెక్కబెడతాడు. ఒక్క తల ఎక్కువున్నా, అప్పటిదాకా ఆ జట్టు చేసిన పాయింట్లన్నీ సున్నా. మామూలుగా దశాబ్దానికి ఒకసారి కూడా జరగదు. మా రెండు ఊళ్ళ మధ్య ఒకసారి జరిగింది. 1987 ఫైనల్లో బూలాంగ్ గెలుస్తున్న ఆటలో మా కెప్టెన్ లెక్క అడిగాడు. బూటు లేసు కట్టుకోవడానికి బయటికెళ్ళిన బూలాంగ్ వాడొకడు, బదులు దిగిన మనిషి లోపలుండగానే, ఎవరికీ చెప్పకుండా లోపలికి వచ్చేశాడు. వాళ్ళ స్కోరంతా చెరిపేశారు, కప్పు మాకొచ్చింది. లెక్క అడిగింది మా రెక్స్. గ్రౌండు మధ్యలో కూలబడి ఏడ్చింది వాళ్ళ కెప్టెన్ బారీ కియో. మేం మూడు రోజులు పండగ చేసుకున్నాం, బూలాంగ్ వాళ్ళు ఇప్పటిదాకా మర్చిపోలేదు.

ఇప్పుడు వాళ్ళ కెప్టెన్ ఆ బారీ కొడుకు జారడ్.

మాక్సీన్ వాళ్ళ నీళ్ళసీసాల మనిషిని పిలిచి చెవిలో చెప్పింది. అతను పరుగున జారడ్ దగ్గరికి వెళ్ళాడు. జారడ్ నడుం మీద చెయ్యి వేసుకుని చుట్టూ చూశాడు, వేలితో లెక్కబెట్టాడు. వేలు మూల దగ్గర ఆగింది. అక్కడ మా వేన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గడ్డిలోకి వాంతి చేసుకుంటున్నాడు. ఆ పంతొమ్మిదో మనిషి వల్ల మాకు ఒరిగింది ఒక్క పాయింటు కూడా లేదు. బంతి మళ్ళీ వాడి వైపు వెళ్ళింది లేదు, వెళ్ళినా అందుకునే స్థితిలో వాడు లేడు.

జారడ్ కంచె వైపు తిరిగాడు. అక్కడ వాళ్ళ నాన్న బారీ నిలబడి ఉన్నాడు. ముసలాయనకీ విషయం తెలిసిపోయింది. ఆయన చెయ్యి ఊపుతూ అరిచాడు. నాకు ఇరవై గజాల దూరం, ప్రతి అక్షరం వినపడింది.

"వదిలెయ్ రా! పాపం, వదిలెయ్!"

జారడ్ తలూపి ఆటలోకి వెళ్ళిపోయాడు. నేను లేచి గొంతు పగిలేలా వేన్‌ను పిలిచాను. వాడు పాక్కుంటున్నట్టు వచ్చి బెంచి మీద పడ్డాడు.

"అక్కా, తప్పయిపోయింది. ఎవరికీ చెప్పకు," అన్నాడు రొప్పుతూ.

"నోర్ముయ్. నీళ్ళు తాగు."

నేను కుర్చీలో కూర్చున్నాను. మాక్సీన్ ఏదో ఒకటి అంటుందని చూశాను. బండబూతులు తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆమె తన ఫ్లాస్కు మూత తీసి టీ పోసి నా చేతిలో పెట్టింది.

"తాగవే తల్లీ. చల్లారిపోతుంది."

ఇరవై ఆరేళ్లలో ఆమె నాతో మంచిగా మాట్లాడటం అదే మొదలు. ఆ కప్పు అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు పాయింట్ల తేడాతోనే సైరన్ మోగింది. మేం గెలిచాం. హారన్లు, కేకలు, ఎవరెవరో నా మెడ పట్టుకుని ఏడ్చారు. రెక్స్ ఆ మోకాళ్ళతోనే గ్రౌండు మధ్యకి పరిగెత్తి లాక్లన్‌ను ఎత్తుకోబోయి కింద పడ్డాడు. మావాళ్ళెవరికీ ఏమీ తెలియదు. వేన్‌కు తెలుసు, నాకు తెలుసు, అటు బూలాంగ్‌లో అందరికీ తెలుసు. వాళ్ళు వరసగా వచ్చి మావాళ్ళకి చేతులు కలిపి, భుజాలు తట్టి, బాగా ఆడారని చెప్పి, మా క్యాంటీన్‌లో మిగిలిన, మాంసం కూరి కాల్చిన పైలన్నీ కొనుక్కుని వెళ్ళారు. పూర్వం గెలిస్తే మా గేటు విరగ్గొట్టి పోయేవాళ్ళు.

మర్నాడు ఆదివారం, పది గంటలకు కమిటీ కూర్చుంది. గదంతా ముందురోజు బీరు వాసన. రెక్స్ ముప్ఫై ఏళ్లు తగ్గినట్టున్నాడు, గడ్డం కూడా గీసుకున్నాడు.

"మరి ఇంకో ఏడాదే కదా," అంది హెదర్ కాగితాలు పక్కకి నెడుతూ.

"ఇంకో ఏడాదేంటి, ఇంకో వందేళ్లు!" అన్నాడు రెక్స్.

నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. రాత్రంతా అదే అనుకున్నాను. కానీ ఆ టీ కప్పు కళ్ళముందు కదులుతుంటే మూసుకోలేకపోయాను.

"అన్నయ్యా, నిన్న మనం కాసేపు పంతొమ్మిది మందితో ఆడాం," అన్నాను. "తప్పు నాది."

రెక్స్ ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆగాడు.

"అయితే ఏమైంది? వాళ్ళు చూడలేదుగా. చూడకపోతే వాళ్ళ ఖర్మ."

"చూశారు. మాక్సీన్ చూసింది, జారడ్ వేలితో లెక్కబెట్టాడు."

"చూస్తే లెక్క అడగరా? వాళ్ళా? ఊరుకుంటారా?"

"బారీ వద్దన్నాడు."

రెక్స్ కుర్చీ పట్టుకుని నెమ్మదిగా లేచాడు. "బారీనా? ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"వదిలెయ్ రా, పాపం, అన్నాడు."

"పాపం అన్నాడా?"

"అవును అన్నయ్యా."

"పెళ్ళిలో కనపడినా తిట్టాడు నన్ను. మా ఆవిడ సమాధి దగ్గర కూడా చెయ్యి కలపలేదు. ముప్ఫై ఏడేళ్లు. వాడు మనల్ని పాపం అన్నాడా?"

నేను తలూపాను. ఆయన కిటికీలోంచి గ్రౌండు వంక చూశాడు. హెదర్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆ చెయ్యిని అలాగే పైకెత్తి, "కలిపెయ్యండి," అన్నాడు.

ఒక్కొక్కరే చేతులెత్తారు. ఆఖరున నేనూ ఎత్తాను. ఇక ఆదివారాలు జెర్సీలు ఉతకక్కర్లేదని ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసి, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను.